అరల్ సముద్రం తిరిగొచ్చిందా, పోయిందా? రెండు రకాల ఫార్వర్డులు తిరుగుతున్నాయి

#1 గోదారిగట్టు

మా ఫ్యామిలీ గ్రూపులో గొడవ. కజకిస్తాన్ చచ్చిపోయిన సముద్రాన్ని బతికించిందని, చేపలు కూడా పడుతున్నాయని బాబాయి ఒక వీడియో పెట్టాడు. సాయంత్రానికి మా బావ ఇంకో వీడియో పెట్టాడు. అందులో ఇసుకలో తుప్పు పట్టిన ఓడలు, కింద "మాయమైన సముద్రం" అని రాసి ఉంది. రెండిట్లోనూ పేరు అరల్ సముద్రమే. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు, మధ్యలో నన్ను తీర్పు చెప్పమంటున్నారు. ఏది నిజమో తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. లింకులు వద్దు, మీ మాటల్లో చెప్పండి.

#2 పటాలపిచ్చి

మీ బాబాయిదీ నిజమే, బావదీ నిజమే. వాళ్లు చూపిస్తున్నది వేర్వేరు నీళ్లు.

కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మధ్య ఉండేది ఈ సముద్రం. పేరుకే సముద్రం, నిజానికి బయటికి దారి లేని ఉప్పు సరస్సు. 1960 నాటికి వైశాల్యం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో సగానికి మించి. అప్పట్లో ప్రపంచంలోని సరస్సుల్లో నాలుగో పెద్దది. దక్షిణం నుంచి అము దర్యా, ఈశాన్యం నుంచి సిర్ దర్యా వచ్చి కలిసేవి. ఒకటి పామీర్ కొండల్లో పుడుతుంది, ఇంకొకటి తియాన్ షాన్‌లో.

ఆ రెండు నదుల నీళ్లను సోవియట్ ప్రభుత్వం పత్తికి, వరికి మళ్లించింది. సముద్రం దిగిపోతూ దిగిపోతూ 1987-89 మధ్య రెండు ముక్కలయింది. ఉత్తరాన చిన్న ముక్క కజకిస్తాన్‌లో మిగిలింది. దక్షిణాన ఉన్న పెద్ద ముక్క తర్వాత మళ్లీ తూర్పు, పడమర అని చీలింది. తూర్పు భాగం 2014లో పూర్తిగా ఎండిపోయింది, నాసా ఉపగ్రహ చిత్రాలు అప్పుడు అన్ని పేపర్లలో వచ్చాయి. పడమర వైపు సన్నటి లోతైన చీలికలా కొంచెం నీరు మిగిలింది, విపరీతమైన ఉప్పు.

బాబాయి వీడియో ఉత్తర ముక్కది. బావ వీడియో చాలావరకు ఉజ్బెకిస్తాన్ వైపు మొయ్నాక్ ఊరిది అయ్యుంటుంది. ఉత్తర ముక్క పాత సముద్రంలో ఇరవయ్యో వంతు. లెక్క చూసుకుని తీర్పు చెప్పుకోండి.

#3 గోదారిగట్టు

థాంక్స్ అన్నా. ఇరవయ్యో వంతా! ఆ వీడియోలో మాత్రం మొత్తం సముద్రమే తిరిగొచ్చినట్టు డ్రోన్ షాట్లు, మ్యూజిక్కు.

మరి ఆ ఇరవయ్యో వంతు ఎలా బతికింది? మిగతాది ఎందుకు బతకలేదు?

#4 నీటిలెక్క

ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. ఈ విషయాన్ని ఘన కిలోమీటర్లలో చెబితే మనవాళ్లకు ఎక్కదు, టీఎంసీల్లో చెబుతాను. ఒక ఘన కిలోమీటరు అంటే 35.3 టీఎంసీలు.

1960కి ముందు రెండు నదులూ కలిసి ఏటా సుమారు 56 ఘన కిలోమీటర్లు సముద్రంలోకి తెచ్చేవి. దాదాపు 2,000 టీఎంసీలు. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆ నదికి 75 శాతం నమ్మకంతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు వస్తుందని లెక్కగట్టిన నీరు 2,060 టీఎంసీలు. అంటే మన కృష్ణ మొత్తం పోసినంత నీరు ఏటా ఆ సరస్సులోకి పోయేది. పైనుంచి వాన చాలా తక్కువ. ఎండకు ఏటా దగ్గర దగ్గర ఒక మీటరు మందం నీరు ఆవిరయ్యేది. వచ్చేదీ పోయేదీ సరిపోయి మట్టం 53 మీటర్ల దగ్గర (లోతు కాదు, మహాసముద్రాల మట్టం నుంచి ఎత్తు) నిలబడి ఉండేది.

బయటికి దారి లేని సరస్సుకి ఉన్న చిక్కే ఇది. ఆవిరి ఆగదు, వచ్చే నీరు తగ్గితే మట్టం దిగాల్సిందే. ఎంతవరకు దిగుతుంది? తగ్గిన ఇన్‌ఫ్లోకి సరిపోయేంత చిన్నదయ్యే వరకు. అందులో ఉన్న ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. 1960లో లీటరుకి 10 గ్రాములున్న ఉప్పు 1990 నాటికి 30కి చేరింది. మామూలు సముద్రం 35. మంచినీటి జాతి చేపలు అక్కడికి రాకముందే పోయాయి.

సోవియట్ ఇంజనీర్లకు ఇది తెలియక జరిగిందని కొందరు రాస్తుంటారు. తెలుసు. సముద్రం కుంచించుకుపోతుందని లెక్కలోనే ఉంది. ఎడారిలో ఊరికే ఆవిరయ్యే నీటికంటే పత్తికి పారే నీటికి విలువ ఎక్కువని వాళ్ల వాదన. మన దగ్గర "సముద్రంలోకి వృథాగా పోతున్న నీరు" అని రోజూ వింటాం కదా, సరిగ్గా అదే మాట.

#5 నల్లరేగడి

సార్ లెక్క బాగుంది. కానీ ఈ టాపిక్ ఎక్కడ వచ్చినా చివరికి పత్తిని తిడతారు, అది నాకు నచ్చదు. ఆదిలాబాద్ జిల్లాలో పత్తి వేస్తాను. మాది వానాధారం. నల్లరేగడిలో తేమ నిలుస్తుంది, రెండు మూడు వానలు టైముకి పడితే చాలు. మా పత్తి ఏ సముద్రాన్నీ తాగలేదు.

తప్పు పంటది కాదు, ఏడాదికి పది సెంటీమీటర్ల వాన పడే ఎడారిలో కాల్వ తవ్వి వేయడం తప్పు. అదీ లైనింగ్ లేని కాల్వ.

#6 పటాలపిచ్చి

> నల్లరేగడి రాశారు: అదీ లైనింగ్ లేని కాల్వ.

ఇది అక్షరాలా కరెక్ట్. తుర్క్‌మెనిస్తాన్‌లోని కరకుమ్ కాల్వ 1954లో మొదలుపెట్టారు. పొడవు 1,300 కిలోమీటర్లకు పైనే. అము దర్యా నుంచి ఏటా 10 ఘన కిలోమీటర్లకు పైగా లాగుతుంది. సార్ భాషలో 350 టీఎంసీలు దాటి. ఎక్కువ భాగం మట్టి కాల్వే, ఇసుకలో. ఎంత ఇంకిపోతుందో ఊహించుకోవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సముద్రానికి చేరని నీళ్లన్నీ పంటలో కలిసిపోలేదు. పొలాల నుంచి బయటికొచ్చిన డ్రైనేజీ నీరు ఎడారి పల్లాల్లో చేరి కొత్త సరస్సులు కట్టింది. సరికమిష్ అని ఒకటి అము దర్యా వైపు, ఐదార్‌కుల్ అని ఒకటి సిర్ దర్యా వైపు. ఐదార్‌కుల్ కథ 1969 వరదతో మొదలవుతుంది. డ్యాము తట్టుకోలేక నీళ్లు పల్లంలోకి వదిలారు, అదే పెద్ద సరస్సయి కూర్చుంది. మ్యాపులో అరల్ చిన్నదవుతుంటే ఇవి పెద్దవవుతుంటాయి. పురుగుమందులు, ఎరువులు కలిసిన నీళ్లు, అనుకున్న చోట కాకుండా ఇంకోచోట.

#7 సమర్‌కంద్_ఎంబీబీఎస్

హాయ్ అందరికీ. ఉజ్బెకిస్తాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నా, ఊరు ఖమ్మం. ఇక్కడ మన తెలుగు వాళ్లం బోలెడంతమందిమి ఉన్నాం, హాస్టల్లో పప్పుచారు వాసన వస్తుంది రోజూ.

సెలవుల్లో నుకుస్ వెళ్లి అక్కడి నుంచి షేర్ ట్యాక్సీలో మొయ్నాక్ వెళ్లాం. మూడు గంటల ప్రయాణం. ఓడలు నిజంగానే ఉన్నాయి, వరసగా పెట్టారు ఫొటోల కోసం. పిల్లలు ఎక్కి సెల్ఫీలు దిగుతున్నారు. ఎత్తు మీద నిలబడితే కింద సముద్రం ఉండాల్సిన చోట పొదలు. నీళ్లు చూడాలంటే ఇంకో 150 కిలోమీటర్లకు పైగా జీపులో పోవాలి, అది టూరిస్టులు బోలెడు డబ్బు పెట్టి చేసే ట్రిప్పు. మాకు అంత సీన్ లేదు.

ఓడల కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఊరి మట్టి. రోడ్డు పక్కన నేల మీద తెల్లగా పొర. మా ట్యాక్సీ డ్రైవర్ కరకల్పక్ ఆయన. వాళ్ల నాన్న ఇక్కడి చేపల క్యానింగ్ ఫ్యాక్టరీలో చేసేవాడట. సముద్రం పోయాక కూడా కొన్నేళ్లు ఆ ఫ్యాక్టరీ నడిపారు, ఎక్కడో వేల కిలోమీటర్ల దూరం సముద్రాల నుంచి గడ్డకట్టిన చేపలు రైల్లో తెప్పించి! ఉద్యోగాలు పోకూడదని. తర్వాత దేశమే విడిపోయింది, చేపలూ ఆగిపోయాయి.

మా ప్రొఫెసర్లు మొయ్నాక్ ఉన్న ఈ కరకల్పకిస్తాన్ ప్రాంతం గురించి చెప్పేటప్పుడు రక్తహీనత, టీబీ, కిడ్నీ జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు ప్రత్యేకంగా చెబుతారు. అన్నిటికీ దుమ్మే కారణమని ఎవరూ అనరు. తాగే నీరు, పేదరికం, తిండి అన్నీ కలిసి ఉంటాయి. కానీ ఆ దుమ్ములో ఉప్పుతో పాటు పాత పురుగుమందులు కూడా ఉంటాయి.

#8 నల్లరేగడి

తమ్ముడూ, ఆ దుమ్ములో పురుగుమందులతో పాటు ఆకు రాల్చే మందు కూడా ఉంటుంది. మెషిన్‌తో పత్తి తీయాలంటే ముందు చెట్టు ఆకు రాలిపోవాలి, లేకపోతే పత్తిలో చెత్త కలుస్తుంది. సోవియట్ వాళ్లు దానికోసం విమానాలతో కొట్టేవాళ్లు. మన దగ్గర చేత్తో ఏరతాం కాబట్టి ఆ మందు అవసరం పెద్దగా లేదు. ఇప్పుడు మెషిన్లు వస్తున్నాయి అంటున్నారు, చూడాలి.

ఇంకోటి అడుగుతా. అక్కడ పొలాలు చౌడు తేలాయా?

#9 సమర్‌కంద్_ఎంబీబీఎస్

తేలాయి అన్నా. చలికాలం చివర్లో పంట లేనప్పుడు పొలాలన్నిటికీ నీళ్లు పెట్టి ఉప్పు కడుగుతారు. ఆ తర్వాతే పత్తి. అంటే పంటకి ఒకసారి నీళ్లు, ఉప్పు కడగడానికి ఇంకోసారి.

పత్తి ఏరడం గురించి ఒక మాట. కొన్నేళ్ల క్రితం వరకు విద్యార్థులను, టీచర్లను, నర్సులను కూడా పొలాలకు తోలేవాళ్లు. మా సీనియర్ లోకల్ డాక్టర్లు అందరూ ఏరినవాళ్లే, నవ్వుతూ చెబుతారు. ప్రభుత్వం పెట్టే పత్తి కోటాలు 2020లో ఎత్తేశారు. 2022లో ఇక్కడి పత్తి మీద ఉన్న అంతర్జాతీయ బహిష్కరణ కూడా తీసేశారు.

#10 నీటిలెక్క

ఉప్పు కడగడానికి పెట్టే నీళ్లే ఆ దేశాల్లో కొంపముంచుతున్నాయి. పొలం కడిగితే ఉప్పు డ్రైన్లోకి పోతుంది, డ్రైన్ కొన్నిచోట్ల నదిలోకే పోతుంది, కింది రైతుకి ఇంకా ఉప్పు నీళ్లు వస్తాయి. ఆయన ఇంకా ఎక్కువ నీళ్లు పెట్టి కడగాలి.

మన కాల్వల మీద టెయిల్ ఎండ్ రైతుల బాధ తెలిసినవాళ్లకి కరకల్పకిస్తాన్ అర్థం చేసుకోవడం కష్టం కాదు. పైవాడు తూము ఎత్తేసి వాడుకున్నాక మిగిలింది వీళ్లకి. వీళ్లకు కూడా మిగలకపోతే సముద్రానికి అసలే లేదు. ఆ నది మొత్తానికి చిట్టచివరి ఆయకట్టుదారు సముద్రమే. దాని తరఫున ఏ మీటింగులోనూ సంతకం పెట్టేవాడు లేడు.

ఇక గోదారిగట్టు గారి అసలు ప్రశ్న, చిన్న ముక్క ఎలా బతికింది. సముద్రం రెండుగా విడిపోయినప్పుడు సిర్ దర్యా ఉత్తర ముక్కలోకి, అము దర్యా దక్షిణ ముక్కలోకి పడ్డాయి. ఉత్తరాన్ని ఒక నది పోషిస్తోంది, కానీ మట్టం కాస్త పెరగగానే రెండు ముక్కల మధ్య ఉన్న బెర్గ్ జలసంధి దగ్గర నుంచి నీరు దక్షిణానికి జారిపోయేది. అక్కడ అది వందల కిలోమీటర్ల ఉప్పు మైదానంలో పలచగా పరుచుకుని ఆవిరయ్యేది. ఎవరికీ ఉపయోగం లేదు.

1990ల మొదట్లో స్థానికులే ఇసుకతో గట్టు వేశారు. తెగింది. మళ్లీ వేశారు. 1999 ఏప్రిల్ తుఫానులో పూర్తిగా కొట్టుకుపోయింది, ప్రాణనష్టం కూడా జరిగింది. కానీ గట్టు ఉన్న ఆ కొద్దికాలంలోనే మట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, చేపలు కనిపించాయి. ఆ పచ్చి ఇసుక గట్టే పైలట్ ప్రాజెక్టు అన్నమాట. దాన్ని చూశాకే ప్రపంచ బ్యాంకు అప్పుకి ధైర్యం వచ్చిందని నా అభిప్రాయం.

2005 ఆగస్టులో కోక్-అరల్ డ్యాము పూర్తయింది. 13 కిలోమీటర్ల మట్టికట్ట, మధ్యలో కాంక్రీటు గేట్లు. సిర్ దర్యా పనులతో కలిపి ప్రాజెక్టు ఖర్చు 8.5 కోట్ల డాలర్ల చిల్లర. ఏళ్లు పడుతుందనుకున్న 42 మీటర్ల మట్టం 2006 వసంతానికే వచ్చేసింది. నిండితే సుమారు 27 ఘన కిలోమీటర్లు, 950 టీఎంసీలు. మూడు నాగార్జునసాగర్లు అనుకోండి.

దీన్ని నిలబెట్టడానికి ఎంత కావాలి? 3,300 చదరపు కిలోమీటర్ల మీద ఏటా మీటరు మందం ఆవిరి, అంటే వంద టీఎంసీలు దాటి కాస్త. సిర్ దర్యా అంత తేగలదు. అందుకే బతికింది. ఇందులో మహత్తు ఏమీ లేదు.

#11 చేపలపులుసు

ఇప్పటిదాకా టీఎంసీలే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేపలు!

ఉప్పాడ వైపు రొయ్య హ్యాచరీలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ సరస్సుల మీద కొంచెం ఆసక్తి ఎక్కువ. పాత అరల్‌లో ఏటా 40 వేల టన్నులకు పైగా చేప పట్టేవాళ్లు. 1921లో వోల్గా ప్రాంతంలో కరువు వస్తే లెనిన్ ఉత్తరం రాసి అడిగితే ఇక్కడి మత్స్యకారులు 14 వ్యాగన్ల చేపలు పంపారు. ఉత్తరాన ఒకప్పటి రేవు ఊరు అరాల్స్క్ రైల్వే స్టేషన్లో దాని మీద మొజాయిక్ బొమ్మ ఉంది. 1980ల మొదటికి ఆ వేట సున్నా.

ఉప్పు పెరిగిపోతుంటే అజోవ్ సముద్రం నుంచి ఫ్లౌండర్ తెచ్చి వదిలారు, అక్కడ కంబాలా అంటారు. బల్లపరుపుగా, రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. 1990ల్లో ఉత్తర ముక్కలో పట్టడానికి మిగిలిన చేప అదొక్కటే. పాత మత్స్యకారులకు దాన్ని ఎలా పట్టాలో తెలియదు, తినడమూ అలవాటు లేదు. డెన్మార్క్ వాళ్లు వచ్చి వలలు ఇచ్చి నేర్పారు.

డ్యాము తర్వాత ఉప్పు తగ్గేసరికి సిర్ దర్యా నుంచి పాత చేపలు దిగొచ్చాయి. బంగారుతీగ, బ్రీమ్, అన్నిటికంటే ఖరీదైనది సుదాక్. యూరప్‌కి ఎగుమతి. 2006లో 1,360 టన్నులు పడితే 2016కి 7 వేలు దాటాయి. ఇక్కడ తమాషా ఏమిటంటే ఉప్పు తగ్గడంతో కంబాలాకి గడ్డుకాలం వచ్చింది. పదేళ్లు ఊళ్లను పోషించిన చేప ఇప్పుడు వెనక్కి పోతోంది.

మరి దక్షిణ ముక్కలో ఏముంది? చేప లేదు. లీటరుకి వంద గ్రాములు దాటిన ఉప్పులో అర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి జీవి తప్ప పెద్దగా ఏదీ బతకదు. మా హ్యాచరీల్లో రొయ్య పిల్లలకు మొదటి మేత అదే. డబ్బాలో సిస్టులు (దాని ఎండు గుడ్లు) వస్తాయి, ఉప్పునీళ్లలో పొదిగిస్తాం. అరల్‌లో కూడా సిస్టులు ఏరి అమ్ముతున్నారు. మేం వాడేవి మాత్రం ఎక్కువగా అమెరికా గ్రేట్ సాల్ట్ లేక్‌వి.

#12 యూటా_తెలుగోడు

చేపలపులుసు గారూ, మీ డబ్బాలు మా ఊరి నుంచే వస్తున్నాయి! సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉంటాను. ఈ సరస్సు కూడా అదే బాటలో ఉంది. 2022 నవంబరులో రికార్డు కనిష్టానికి పడిపోయింది. ఇక్కడ పత్తి బదులు ఆల్ఫాల్ఫా, పశువుల మేత. నదుల్లో నీళ్లు ఎక్కువ దానికే పోతాయి. ఎండిన అడుగు మట్టిలో ఆర్సెనిక్ ఉంది, గాలి వీచిన రోజు యాప్‌లో ఎర్ర రంగు చూసి పిల్లల్ని బయటికి పంపం.

మీ డ్యాము కథ వింటే ఒకటి గుర్తొచ్చింది. ఇక్కడ సరస్సు మధ్యలో 1959 నుంచి రైలు కట్ట ఉంది. దాని ఉత్తర భాగం విపరీతమైన ఉప్పుతో గులాబీ రంగులో ఉంటుంది. నదులన్నీ దక్షిణ భాగంలోకే. 2022లో దక్షిణంలో కూడా అర్టీమియా బతకలేని స్థాయికి ఉప్పు వెళ్తుంటే, కట్టలో ఉన్న గండి దగ్గర అడ్డుకట్ట ఎత్తు పెంచారు. నీళ్లు ఉత్తరానికి పోకుండా దక్షిణాన్ని కాపాడుకున్నారు. ఆ చలికాలం మంచు రికార్డు స్థాయిలో పడి ఊపిరి పోసింది. తర్వాత ఏడాది మళ్లీ గండి గురించే గొడవ.

అంటే ప్రపంచంలో ఎక్కడైనా ఇదే పద్ధతేనా? సగాన్ని వదిలేసి సగాన్ని కాపాడుకోవడం?

#13 సమర్‌కంద్_ఎంబీబీఎస్

అదే నేను అడగాలనుకున్నది. బాబాయిలందరూ డ్యాముని మెచ్చుకుంటున్నారు, కానీ ఇటువైపు నుంచి చూస్తే వేరేగా ఉంటుంది. మా డ్రైవర్ "వాళ్లు తలుపు వేసుకున్నారు" అన్నాడు. ఉత్తరం నుంచి జారే కొద్ది నీళ్లు కూడా ఆపేసి "సముద్రం తిరిగొచ్చింది" అని పండగ చేసుకుంటే దక్షిణం వాళ్లకి ఎలా ఉంటుంది? మొయ్నాక్‌లో 2018లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫెస్టివల్ మొదలుపెట్టారు, ఓడల పక్కనే. టూరిజం బాగుంది. నీళ్లు మాత్రం రావు.

#14 నీటిలెక్క

బాబూ, నీ బాధ న్యాయమే. కానీ ఆ డ్రైవర్ గారి మాటకి లెక్క సహకరించదు.

దక్షిణ ముక్క ఉత్తరం నుంచి జారే నీటి మీద ఎప్పుడూ బతకలేదు. దాని నది అము దర్యా. పాత వైశాల్యం నిలబడాలంటే ఏటా 50 ఘన కిలోమీటర్ల దాకా అము దర్యా ఒక్కటే తేవాలి. ఆ నదిలో సగటున ఉండేదే 75 పైచిలుకు. మూడింట రెండు వంతులు సముద్రానికి వదిలేయాలి అన్నమాట. 1960లో ఉజ్బెకిస్తాన్ జనాభా కోటి కూడా లేదు, ఇప్పుడు మూడున్నర కోట్లు దాటింది. ఎవరి పొలం ఆపుతావు?

డ్యాము లేకపోతే దక్షిణం బతికేది కాదు, ఉత్తరం కూడా పోయేది, అంతే. పైగా డ్యాము పూర్తిగా మూసేసిన తలుపు కాదు. మిగులు ఉన్నప్పుడు గేట్లు ఎత్తి వదులుతారు.

#15 నల్లరేగడి

సార్ లెక్క సరే, కానీ ఇది మొదట ముంచినవాడి లెక్క. "ఇప్పుడు జనం పెరిగారు, వెనక్కి ఇవ్వలేం" అని ఎప్పుడైనా అనొచ్చు. 1970లో తగ్గించి ఉంటే ఇవ్వగలిగేవాళ్లు. మట్టి కాల్వలకి లైనింగ్ వేసి, వరి తగ్గించి, డ్రిప్ పెడితే ఇప్పటికీ ఎంతో కొంత దిగువకి వదలొచ్చు. 50 ఘన కిలోమీటర్లు అడగొద్దు, 5 అడగండి. అము దర్యా డెల్టాలోని చిన్న చెరువులైనా నిండుతాయి.

#16 నీటిలెక్క

దాంట్లో నాకు పేచీ లేదు. అయితే కాల్వకి లైనింగ్ వేస్తే మిగిలిన నీరు సముద్రానికి పోతుందని ఎవరన్నారు? మిగిలిన నీటితో పైవాడు ఇంకో వెయ్యి ఎకరాలు వేస్తాడు. మా సర్వీసంతా అదే చూశాను. మిగిలిన నీరు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి.

నీరు ఉన్నా టైము కుదరని సమస్య కూడా ఉంది. సిర్ దర్యా మీద పైన కిర్గిజ్‌స్తాన్‌లో తొక్తొగుల్ డ్యాము. వాళ్లకి చలికాలం కరెంటు కావాలి, అప్పుడు వదులుతారు. కింది రైతులకి వేసవిలో కావాలి. సోవియట్ కాలంలో కింది నుంచి బొగ్గు, గ్యాసు పైకి పంపి వేసవి నీళ్లు తీసుకునేవాళ్లు. దేశాలు విడిపోయాక ఆ బదులు ఆగింది. చలికాలంలో వదిలిన నీళ్లు గడ్డకట్టిన నదిలో పట్టక వరదయ్యేవి, అందుకే కజకిస్తాన్ కోక్సరాయ్ రిజర్వాయరు కట్టుకుంది. కరెంటుకా, సాగుకా అన్న గొడవ. శ్రీశైలం దగ్గర మనం పడేదే...

#17 నిర్వాహకుడు

సార్, శ్రీశైలం వద్దు. గతసారి ఆ దారం లాక్ చేయాల్సి వచ్చింది. మధ్య ఆసియాలోనే ఉందాం. 🙏

#18 సూళ్లూరుపేట_ఫ్లెమింగో

నిర్వాహకుడు గారూ, ఒక్క చిన్న ప్రశ్న, రాజకీయం కాదు. మా పులికాట్‌కి కూడా ఇలా డ్యాము కట్టి నీళ్లు ఆపొచ్చా? ఎండాకాలం సగం బురదే కనిపిస్తుంది, పక్షులు తగ్గాయి అంటున్నారు.

#19 పటాలపిచ్చి

ఫ్లెమింగో గారూ, వద్దు. అరల్‌కి సముద్రంతో సంబంధం లేదు, పులికాట్‌కి ఉన్నదే ఆ సంబంధం. అక్కడ సమస్య ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం. కావాల్సింది నోరు తెరవడం. పోలిక కావాలంటే ఒడిశా చిలికా చూడండి. 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు, ఉప్పు శాతం సరయింది, చేపలు పెరిగాయి. ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ ప్రాంతాల (అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేలల) జాబితా నుంచి 2002లో దాన్ని తీసేశారు.

#20 అర్ధరాత్రి_పాఠకుడు

అందరూ మర్చిపోయారు, ఆ సముద్రంలో జీవాయుధాల దీవి ఉండేది కదా? వొజ్రొజ్డెనియా. నీళ్లు తగ్గి నేలతో కలిసిపోయింది. అక్కడి ఆంత్రాక్స్ గురించి చదివి నిద్ర పట్టలేదు.

#21 సమర్‌కంద్_ఎంబీబీఎస్

ఉండేది, నిజమే. 1971లో అరాల్స్క్‌లో మశూచి వచ్చి పదిమందికి సోకింది, ముగ్గురు చనిపోయారు. ఆ దీవి దగ్గరగా వెళ్లిన పరిశోధన నౌక నుంచి వచ్చిందని తర్వాత బయటపడిన సోవియట్ నివేదికను బట్టి అంటారు. 2001 నాటికి దీవి నేలతో కలిసింది. 2002లో అమెరికా సాయంతో ఆంత్రాక్స్ పాతిన గుంటలను శుద్ధి చేశారు. ఇప్పుడు ఇక్కడ జనం భయపడేది ఆంత్రాక్స్‌కి కాదు బ్రో, వసంతంలో లేచే తెల్ల దుమ్ముకి.

#22 గోదారిగట్టు

ఆ దుమ్ముకి ఏదైనా చేస్తున్నారా? చెట్లు నాటుతున్నారని బాబాయి వీడియోలో చివర్లో చూపించారు.

#23 నల్లరేగడి

సక్సౌల్ అనే ఎడారి పొద. ఎండిన అడుగు నేల మీద, అరల్‌కుమ్ అంటారు దాన్ని, ఉజ్బెకిస్తాన్ 2018 చివర నుంచి పెద్ద ఎత్తున నాటుతోంది, విమానాలతో విత్తనాలు కూడా చల్లారు. పది లక్షల హెక్టార్లు దాటాయని ప్రభుత్వం లెక్క. నాటిన లెక్కకీ బతికిన లెక్కకీ తేడా ఎంత ఉంటుందో హరితహారం చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఉప్పు మరీ ఎక్కువున్న చోట మొక్క నిలవదు, ఇసుక ఉన్న చోట నిలుస్తుంది. అయినా ఆ పని నాకు నచ్చింది. నీళ్లు రావని ఒప్పుకుని చేస్తున్న పని అది.

#24 చేపలపులుసు

ఉత్తర ముక్క సంగతి చివరికి ఏమిటి? ఇంకా పెరుగుతుందా? అరాల్స్క్ రేవు దాకా నీళ్లు వస్తాయని ఎప్పటినుంచో అంటున్నారు.

#25 నీటిలెక్క

రేవు ఇంకా పొడిగానే ఉంది. ఒకప్పుడు వంద కిలోమీటర్ల దూరం పోయిన నీరు సుమారు ఇరవైకి దగ్గరయింది. రెండో దశ మీద రెండు ఆలోచనలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒకటి, డ్యాము ఎత్తు పెంచడం. రెండోది, సారిషగనాక్ అఖాతానికి విడిగా కట్ట వేసి, సిర్ దర్యా నుంచి కాల్వ తవ్వి, అరాల్స్క్ ముందు నీళ్లు నిలపడం. మొదటిది సరస్సుకి మంచిది, రెండోది ఊరికి మంచిది. ఎన్నికలప్పుడు ఏది బాగా వినపడుతుందో చెప్పక్కర్లేదు. ఈమధ్య కజకిస్తాన్ ప్రభుత్వం రెండు మీటర్లు పెంచే వైపు మొగ్గుతోంది.

నా అనుమానం ఒకటే. ఎత్తు పెంచితే వైశాల్యం పెరుగుతుంది, ఆవిరి పెరుగుతుంది. నీటి ఎద్దడి ఏళ్లలో ఇప్పుడున్న 42 మీటర్లే నిలవడం లేదు, 2020 తర్వాత వరసగా కొన్నేళ్లు మట్టం పడింది. కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్‌తో ఏటా ఎంత, ఏ నెలలో అని ఖాయం చేసుకోకుండా కట్ట పెంచితే అది ఖాళీ గిన్నెకి అంచు పెంచినట్టే.

#26 పటాలపిచ్చి

దక్షిణం వైపు కొత్త తలనొప్పి వస్తోంది. అఫ్గానిస్తాన్‌లో తాలిబన్ ప్రభుత్వం 2022లో కోష్ తెపా కాల్వ మొదలుపెట్టింది. 285 కిలోమీటర్లు, అము దర్యా నుంచి. పూర్తయితే ఏటా 10 ఘన కిలోమీటర్ల దాకా తీసుకోవచ్చని అంచనాలు. అంటే ఇంకో కరకుమ్ కాల్వ. ఇదీ మట్టి కాల్వే.

వాళ్ల వాదన కొట్టిపారేయలేం. నది నీళ్లలో గణనీయమైన వాటా వాళ్ల కొండల నుంచే వస్తుంది, ఇన్నేళ్లూ వాడుకున్నది చాలా తక్కువ. 1992లో అల్మాటీలో ఐదు దేశాలు నీటి ఒప్పందం చేసుకున్నప్పుడు వాళ్లని పిలవనే లేదు.

#27 యూటా_తెలుగోడు

పిలవనివాడు ఒప్పందానికి ఎందుకు కట్టుబడతాడు. నల్లరేగడి గారు అడిగిన 5 ఘన కిలోమీటర్లు కూడా ఇక కష్టమే అన్నమాట.

#28 నల్లరేగడి

కష్టమే. అయినా నేను అడుగుతూనే ఉంటా. అఫ్గాన్ రైతుకి కాల్వ వద్దనే హక్కు నాకు లేదు. కానీ మొదటి రోజే లైనింగ్ వెయ్యమని ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ డబ్బిచ్చైనా ఒప్పించాలి. అది వాళ్లకే లాభం.

#29 గోదారిగట్టు

దారం మొత్తం కాపీ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. బాబాయి #10 వరకు చదివి "నేను చెప్పిందే కదా" అన్నాడు. బావ #13 చదివి అదే మాట అన్నాడు. 😀

పటాలపిచ్చి అన్నా, ఆ డ్యాము శాటిలైట్ మ్యాపులో ఎక్కడ వెతకాలి?

#30 పటాలపిచ్చి

46.1 ఉత్తరం, 60.8 తూర్పు కొట్టండి. సన్నటి గీతలా ఉంటుంది, బాగా జూమ్ చేయాలి. బావకి చూపించేటప్పుడు వేసవి చిత్రం కాకుండా ఏప్రిల్ చిత్రం పెట్టండి. గేట్లు ఎత్తిన ఏడాదైతే దక్షిణానికి పోతున్న పాయ కూడా కనబడుతుంది.